21 మంది, తలా 20 గెలుపులు: టెక్కెన్ 3 సర్వైవల్ డైరీ

ఏప్రిల్ 7, ఆదివారం

చిన్నాయన బొంబాయి నుంచి తెచ్చిన ప్లేస్టేషన్‌ను ఇవాళ అటక మీద నుంచి దించాను. పాలమూరు నుంచి కట్టడం పనికి బొంబాయి బస్సెక్కిన వేలమందిలో ఆయన ఒకరు. ఏ ఇంట్లో పని చేశారో ఆ ఇంటివాళ్లు పాతదైపోయిందని తీసేస్తుంటే, నా కోసం అడిగి కొనుక్కొచ్చారు. అప్పుడు నాకు పదేళ్లు. పెట్టెలో రెండు రిమోట్లు, ఒక మెమరీ కార్డు, ఒకే ఒక్క సీడీ. ఆ సీడీ టెక్కెన్ 3, ఇద్దరు ఎదురెదురుగా నిలబడి కొట్టుకునే ఆట.

నామ్కో కంపెనీ ఈ ఆటను 1997లో ఆర్కేడ్ మెషీన్ల కోసం, అంటే డబ్బులేసి ఆడే పెద్ద గేమ్ మెషీన్ల కోసం చేసింది. 1998లో ప్లేస్టేషన్‌కు తెచ్చింది. మా ఊళ్లో మాత్రం అది గడియారం చౌరస్తా పక్క సందులో ఉండే వీడియో గేమ్ షాపు ఆట. గంటకు 10 రూపాయలు. స్కూలు వదలగానే బెంచీ మీద వరసగా కూర్చునేవాళ్లం. ఎవరి వంతు వచ్చినా పట్టేది నలుగురినే: ఎడ్డీ, జిన్, హ్వొరాంగ్, పాల్. మిగతావాళ్ల బొమ్మల మీద బాణం ఆగేదే కాదు. వాళ్లంతా దండగ అని అందరం అనేవాళ్లం, ఎవరూ ఆడి చూడలేదు.

ఆ మాట నిజమో కాదో చూడాలి. అందుకే ఈ డైరీ.

పద్ధతి ఇది. ఆటలో సర్వైవల్ అని ఒక మోడ్ ఉంది. ఒక్కో ప్రత్యర్థితో ఒకటే రౌండు. గెలిస్తే వెంటనే ఇంకొకడు వస్తాడు. మనకు మిగిలిన లైఫ్‌తోనే, అంటే దెబ్బ తగిలినకొద్దీ తగ్గే బలం గీతతోనే, వాడిని ఎదుర్కోవాలి. గెలిచిన ప్రతిసారీ కొంచెం లైఫ్ తిరిగి కలుస్తుంది, అంతే. ఓడితే ఆట అయిపోయినట్టే. ప్రతి ప్లేయర్‌తోనూ ఒకే ఊపులో 20 మందిని గెలవాలని పెట్టుకున్నాను. 19 దగ్గర పోయినా మళ్లీ ఒకటి నుంచే. కష్టం స్థాయి మీడియం, చివరిదాకా మార్చేది లేదు.

ప్లేస్టేషన్ టెక్కెన్ 3లో మొత్తం 23 మంది. అందులో పాండా ఆట కూమా ఆటే, టైగర్ ఆట ఎడ్డీ ఆటే, వేషం తప్ప తేడా లేదు. ఆ ఇద్దరినీ తీసేస్తే 21. అంటే తక్కువలో తక్కువ 420 గెలుపులు.

ఏప్రిల్ 9, ఉగాది

పచ్చడి తిన్నాక ప్లేస్టేషన్ విప్పాను. "పండుగ పూట గా డబ్బా ముంగట కూసున్నవేందిరా" అంటూనే అమ్మ ఇంకో గిన్నెడు పచ్చడి తెచ్చి పక్కన పెట్టింది.

ఇది అమెరికా మోడల్, 110 వోల్టులది. మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే లోపలి పవర్ బోర్డు మాడిపోతుంది. చిన్నాయన అప్పుడే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా కొన్నారు, ఇటుక రాయంత బరువుంటుంది. మల్టీమీటర్ పెట్టి చూస్తే ఇంకా 112 చూపించింది. బాగానే ఉంది.

అసలు బాధ లేజర్. పాత మోడళ్లలో లేజర్ ముందుకూ వెనక్కూ జరిగే పట్టీ ప్లాస్టిక్‌ది. పక్కనే పవర్ బోర్డు వేడి. ఏళ్ల తరబడి జరిగి జరిగి ప్లాస్టిక్ అరిగి, లేజర్ ఒక పక్కకు వాలుతుంది. అప్పుడు సీడీ చదవదు. షాపులో అన్న మెషీన్‌ను తలకిందులుగా ఎందుకు పెట్టేవాడో నాకు అప్పుడు తెలియదు, ఇప్పుడు తెలుసు. వాలిన లేజర్‌ను బరువే వెనక్కి లాగాలని. మాది అంతగా అరగలేదు. లెన్సును ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) అద్దిన దూదిపుల్లతో తుడిచి, పట్టీకి చుక్క గ్రీజు పెట్టాను. రెండో ప్రయత్నంలో లోగో వచ్చింది.

రిమోట్ పని ఎక్కువైంది. సెల్ రిపేర్ నా వృత్తి కాబట్టి చేతికి కొత్త కాదు. బాణం బటన్ కింద రబ్బరు, దాని అడుగున నల్లటి కార్బన్ బిళ్లలు ఉంటాయి. బటన్ నొక్కితే బిళ్ల బోర్డును తాకుతుంది. 'వెనక్కి' బిళ్ల నున్నగా అరిగిపోయింది. టెక్కెన్‌లో వెనక్కి నొక్కడమంటే దెబ్బ కాచుకోవడం. చిన్నప్పుడు కొట్టడమే తప్ప కాచుకోవడం తెలియదనుకున్నాను, ఇంట్లో మాత్రం అంత కాచుకున్నామన్నమాట. రెండో రిమోట్‌లోని రబ్బరు తీసి ఇందులో వేశాను.

ఏప్రిల్ 14, ఆదివారం

టీవీ సంగతి తేల్చాను. హాల్లో ఉన్న ఎల్‌ఈడీ టీవీకి పెడితే బొమ్మ పెద్దగానే ఉంది, కానీ దెబ్బ ఆలస్యంగా పడుతోంది. పాత సిగ్నల్‌ను కొత్త టీవీ తన సైజుకు మార్చుకోవడానికి కొంత సమయం తీసుకుంటుంది. సినిమా చూసేటప్పుడు అది తెలియదు. పైకి లేపినవాడిని నేల మీద పడకముందే రెండో దెబ్బ కొట్టాలంటే మాత్రం ఆ కాస్త ఆలస్యమే కొంప ముంచుతుంది. అక్క వాళ్లింట్లో మూల పడున్న 14 అంగుళాల డబ్బా టీవీని దేవరకద్ర నుంచి బండి మీద తెచ్చాను. తేడా మొదటి నిమిషంలోనే తెలిసింది.

టీవీతో పాటు అల్లుడు కూడా వచ్చాడు. ఆరో తరగతి పరీక్షలు అయిపోవచ్చాయి, సెలవులంతా ఇక్కడే ఉంటానన్నాడు. నోట్‌బుక్ రాసే పని వాడికి ఇచ్చాను. నాలుగు గడులు: ప్లేయర్, ఎన్నో ప్రయత్నం, ఎన్ని గెలుపులు, ఏ దెబ్బకు పోయాం.

ఏప్రిల్ 21, ఆదివారం

పాల్‌తో మొదలుపెట్టాను. పాల్ దగ్గర ఒక గుద్దు ఉంది. కిందికి, ఏటవాలుగా, ముందుకు బాణం జార్చి కుడి చెయ్యి నొక్కితే వస్తుంది. తగిలితే ఎదుటివాడి లైఫ్‌లో పెద్ద ముక్క పోతుంది. చిన్నప్పుడు పాల్ అంటే ఆ ఒక్క గుద్దే.

ఆ గుద్దుతో మొదటి ఆరుగురు ఇట్టే పోయారు. ఏడోవాడు కాచుకున్నాడు. గుద్దు తరువాత పాల్ ముందుకు వాలి ఒక క్షణం ఆగుతాడు. ఆ క్షణంలో వాడు నన్ను గాల్లోకి లేపాడు. మళ్లీ గుద్దాను, మళ్లీ కాచుకున్నాడు. నాలుగో ప్రయత్నం దాకా ఇదే తంతు. అల్లుడు నాలుగో గడిలో వరసగా నాలుగుసార్లు 'మన గుద్దుకే' అని రాశాడు.

వాడు రాసింది చూశాకే ఆట మార్చాను. సర్వైవల్‌లో ఎంత కొట్టామన్నది లెక్కలోకి రాదు, ఎంత తినలేదన్నదే లెక్క. ఎదుటివాడు కొట్టి తప్పిన క్షణంలోనే ఆ గుద్దు వాడాలి. మిగతా సమయమంతా చిన్న దెబ్బలు, పక్కకు జరగడం. ఈ ఆటలో పైకి, కిందికి తట్టితే తెర లోపలికీ బయటికీ అడుగు పడుతుంది. తిన్నగా వచ్చే దెబ్బ పక్కనుంచి పోతుంది. షాపులో ఆ అడుగును ఎవరూ వాడినట్టు నాకు గుర్తు లేదు.

తొమ్మిదో ప్రయత్నంలో పాల్‌తో 20 అయింది.

ఏప్రిల్ 28

ఈ వారం రాత్రిళ్లు కలుపుకుని నలుగురు: లా, జిన్, హ్వొరాంగ్, నీనా. వీళ్ల గురించి పెద్దగా రాయాల్సింది లేదు. జిన్, హ్వొరాంగ్ ఎలాగూ చేతికి అలవాటున్నవాళ్లే.

ఎడ్డీ మాత్రం నిలబెట్టాడు. ఎడ్డీది బ్రెజిల్ వాళ్ల కాపొయేరా అనే యుద్ధకళ. నిలబడ్డా ఊగుతూనే ఉంటాడు, చేతుల మీద తిరుగుతాడు, పడుకునే తంతాడు. షాపులో రెండు కాళ్ల బటన్లు ఇష్టమొచ్చినట్టు కొడితే చాలు, ఎదుటివాడు లేవలేకపోయేవాడు. ఎడ్డీని పట్టుకుంటే కొట్లాటలయ్యేవి, "ఎడ్డీ లేకుండా ఆడుదాం" అని ముందే ఒప్పందాలుండేవి.

అదే పద్ధతిలో ఇప్పుడు ఆడితే ఎనిమిది దాటలేదు. ఊరికే నొక్కుతుంటే ఎడ్డీ ఎప్పుడు లేస్తాడో, ఎప్పుడు పడుకుంటాడో మనకే తెలియదు. మనకు తెలియనప్పుడు కాచుకోవడం ఎలా? పడుకుని కాచుకోలేం కదా. ప్రాక్టీస్ మోడ్‌లో ఒక సాయంత్రమంతా కూర్చుని, ఏ తన్ను తరువాత నిలబడి ఉంటాడు, ఏ తన్ను తరువాత నేల మీద ఉంటాడు అని రెండు వరసలు రాసుకున్నాం. నిలబడే వరసలోవే ఎక్కువ వాడాను. పదకొండోసారి 20.

మే 5

42 డిగ్రీలు. మధ్యాహ్నం ప్లేస్టేషన్ పెట్టడం మానేశాం. వేడికి సీడీ ఆగి ఆగి తిరుగుతోంది. పొద్దున 6 నుంచి 8, రాత్రి 9 తరువాత.

ఎడమ బొటనవేలు పొక్కింది. బాణం బటన్ అంచులు చర్మాన్ని కోస్తున్నాయి. మొదట టేప్ చుట్టాను, కానీ టేప్ ఉంటే వేలు జారదు, ఏటవాలు పడదు. రెండు రోజులు ఆపి, తరువాత 40 నిమిషాలకొకసారి లేవాలని నియమం పెట్టుకున్నాను. లేచినప్పుడల్లా ముంజలో, సబ్జా నీళ్లో తాగి వేళ్లు చల్లబరుచుకోవడం. మణికట్టు నొప్పి కూడా దానితో తగ్గింది. సాగే ఆటలో చెయ్యి కూడా ఒక లైఫ్ గీతే, దాన్నీ చూసుకోవాలి.

కింగ్ అయ్యాడు. జాగ్వార్ ముఖం కుస్తీవీరుడు. వీడిని నేను జన్మలో ముట్టుకోలేదు. కింగ్ బలమంతా పట్టులోనే. పట్టు పైదెబ్బ కిందే లెక్క, ఎదుటివాడు కూర్చుంటే చెయ్యి గాలిలో పోతుంది. కాబట్టి ముందు కింది తన్నులు తంతూ వాడికి కూర్చోవడం అలవాటు చేసి, కూర్చున్నవాడికి తగిలే నడుం దెబ్బ ఒకటి వేసి, మళ్లీ లేచి నిలబడగానే పట్టుకోవాలి. ఒక పట్టు పడ్డాక కింగ్ దానికి ఇంకో పట్టు, దానికి ఇంకొకటి కలిపేస్తాడు. మధ్యలో బటన్ల వరస తప్పితే జారిపోతుంది. అది కుదిరిన ప్రతిసారీ అల్లుడు మంచం మీద ఎగిరాడు. అంత బాగా ఆడే ప్లేయర్‌ను అన్నేళ్లు దండగ అన్నాం.

మే 13, సోమవారం

ఓట్ల రోజు, షాపు బంద్. పొద్దున్నే ఓటేసి వచ్చి గన్ జాక్‌తో కూర్చున్నాను. పెద్ద ఒళ్లు, మెల్లటి చేతులు, కానీ ఆ చెయ్యి పొడవే వాడి రక్ష. 18 గెలుపులు. లైఫ్ సగానికి పైనే ఉంది. ఠక్కున కరెంటు పోయింది.

ఎవరిని ఏమనగలం. రెండు నిమిషాల్లో వచ్చింది, కానీ 18 గెలుపులు రాలేదు. ఆ మధ్యాహ్నమే ఇన్వర్టర్ లైను ఈ గదికి లాగాను. ప్లేస్టేషన్ తినేది పది పదిహేను వాట్లే, చిన్న డబ్బా టీవీ కలిపినా ఒక ఫ్యాను లెక్కే. ఈ పని మొదటి రోజే చేసుండాల్సింది. ఇలాంటివి ఆడాలనుకునే వాళ్లు ముందు కరెంటు సంగతి చూసుకోండి, ప్లేయర్ల సంగతి తరువాత.

గన్ జాక్ మర్నాడు రాత్రి అయ్యాడు.

మే 19

వారంలో ఎనిమిది మంది. షియావోయు, యోషిమిట్సు, లెయ్, జూలియా, ఆనా, బ్రయన్, కూమా, హైహాచి. కూమా ఎలుగుబంటి, వాడి ఒళ్లంత ఒళ్లు ఉంటే ప్రతి దెబ్బా తగులుతుంది, అయినా ఆరుసార్లలోనే అయ్యాడు. యోషిమిట్సుకు కత్తి ఉంది, అందులో ఒక దెబ్బ తన కడుపులోనే పొడుచుకునేది. సర్వైవల్‌లో అది వాడకూడదని ఒక్కసారికే తెలిసింది.

తరువాత ఓగర్, ట్రూ ఓగర్. ఆర్కేడ్ మోడ్ చివర్లో చిన్నప్పుడు మమ్మల్ని ఏడిపించిన రాక్షసుడు ఇప్పుడు మన చేతిలో. రెక్కలు, నోట్లోంచి మంట. ట్రూ ఓగర్ అంత పెద్దవాడైనందుకు, తప్పించుకోవడం ఎంత కష్టమో అర్థమైంది.

మే 26

డాక్టర్ బాస్కొనోవిచ్.

ఈయన మొదట్లో ఆటలో దాగి ఉంటాడు, తెరవడమే ఒక పని. టెక్కెన్ ఫోర్స్ అనే మోడ్‌ను, అంటే నడుచుకుంటూ గుంపుల్ని కొడుతూ పోయే ఆటను, నాలుగుసార్లు పూర్తి చేసి ఆయన్ని ఓడించాలి. మెమరీ కార్డులో ఆయన అప్పటికే ఉన్నాడు. ఎవరు తెరిచారో ఆలోచిస్తే గుర్తొచ్చింది. చిన్నాయన. పని లేని రోజుల్లో రాత్రంతా టెక్కెన్ ఫోర్స్ ఒక్కటే ఆడేవారు. ఎదురొచ్చిన గుంపుల్ని కొట్టుకుంటూ, దారిలో దొరికిన కోడి తిని లైఫ్ పెంచుకుంటూ. కోడి దొరికినప్పుడల్లా నన్ను పిలిచి చూపించేవారు. ఆయన పోయి ఆరేళ్లయింది. కార్డులో ఆయన ఆడిన ఆట ఉంది.

డాక్టర్ ముసలాయన. నిలబడలేడు. కొట్టబోయి పడతాడు, కొట్టి పడతాడు, ఒక్కోసారి ఊరికే కూలబడతాడు. మొదటి పది ప్రయత్నాల్లో ఎక్కువలో ఎక్కువ 4 గెలుపులు. ఇరవయ్యో ప్రయత్నానికి 7. "మామా, గిట్ల పడుడేంది ఈయన" అని అల్లుడు విసుక్కున్నాడు. నేను ఆయన్ని పడకుండా ఆడించాలని చూస్తున్నాను. పడని దెబ్బలు వెతికి అవే వాడుతున్నాను. ఎడ్డీతో పనికొచ్చిన పద్ధతి అది. డాక్టర్‌తో పనికిరాలేదు, ఎందుకంటే అలా తీసేస్తే ఆయన దగ్గర మిగిలేది ఏమీ లేదు.

27వ ప్రయత్నంలో మూడోవాడు, హ్వొరాంగ్. నేను పడి ఉన్నాను, లైఫ్ గీత సన్నటి దారం. వాడు దగ్గరికొచ్చి వరసగా మూడు పైతన్నులు తన్నాడు. మూడూ డాక్టర్ పైనుంచి పోయాయి. మూడో తన్ను ఇంకా దిగకముందే నేను లేస్తూ తన్నాను. వాడు పడ్డాడు. నేనూ పడ్డాను. మళ్లీ వచ్చాడు, మళ్లీ పైనే తన్నాడు.

అప్పటినుంచి పడటాన్ని వదిలించుకోవాలని చూడలేదు. పడి ఉన్నవాడికి పైదెబ్బ తగలదు, పట్టు తగలదు. నిలబడినవాడి కష్టాలు సగం ఆయనకు లేనే లేవు. దూరంగా పడాలి, దగ్గర పడకూడదు. పడుతూనే కొట్టే దెబ్బలు ఎదుటివాడు అడుగు ముందుకేసినప్పుడే వాడాలి. తొందరపడి లేవకూడదు. నడుం వంచి నేలమీదివాణ్ణి కొట్టేవాళ్లు వచ్చినప్పుడు మాత్రం పక్కకు దొర్లి లేవాలి.

41వ ప్రయత్నంలో 20. అల్లుడు నాలుగో గడిలో 'పోలేదు' అని రాశాడు.

జూన్ 2

గోన్ రెండు రోజుల్లో అయింది. చిన్న డైనోసార్, నిలబడ్డా మోకాలి ఎత్తే. పైదెబ్బలన్నీ తల మీంచి పోతాయి, చెయ్యి పొడవు మాత్రం జానెడు. డాక్టర్‌తో నేర్చుకున్నది ఇక్కడ అక్కరకొచ్చింది.

మిగిలింది ఒకడు. మొకుజిన్. కావాలనే చివరికి ఉంచాను.

మొకుజిన్ కొయ్యబొమ్మ. 2,000 ఏళ్ల ఓక్ చెట్టు నుంచి చెక్కినవాడని ఆట కథ. అల్లుడు వినగానే, "మన పిల్లలమర్రి కన్నా పెద్దదా?" అన్నాడు. పిల్లలమర్రికి 700 ఏళ్లంటారు, అని చెప్పాను. చెదలు పట్టి కొమ్మలు విరిగినప్పుడు, 2018లో ఆ చెట్టుకు ఆసుపత్రిలో సెలైన్ పెట్టినట్టు సీసాలు వేలాడదీసి మందు ఎక్కించారు. వాడు అప్పుడు చాలా చిన్నవాడు. ఫోన్లో ఫొటో చూపిస్తే చాలాసేపు చూశాడు.

మొకుజిన్‌కు సొంత ఆట లేదు. ప్రతి రౌండుకూ వేరే ఒకరి ఆట వేసుకుంటాడు. ఇప్పుడు పాల్, తరువాత కింగ్, ఆ తరువాత ఎవరో. ముందుగా చెప్పడు. సర్వైవల్‌లో ఒక్కో ప్రత్యర్థికి ఒకటే రౌండు కాబట్టి, ప్రతి పోటీకీ కొత్త ఒళ్లే. ఈ రెండు నెలలు ఒక్కొక్కరినీ పట్టుకుని ఆడకపోయుంటే ఈ కొయ్యబొమ్మతో ఐదు కూడా దాటలేను.

జూన్ 9, ఆదివారం

12న బడి. అక్క సాయంత్రం వచ్చి అల్లుణ్ణి తీసుకుపోతానంది. వారమంతా మొకుజిన్‌తో 13 దగ్గర ఆగిపోతున్నాను. ఎవరి ఆట వచ్చిందో గుర్తుపట్టేలోపే రెండు దెబ్బలు తింటున్నాను.

పొద్దున 6కు అల్లుడు ఒక మాట చెప్పాడు. "మామా, నువ్వు చేతుల దిక్కు చూస్తున్నవ్. నిలవడ్డ తీరు చూడాలె." రౌండు మొదలయ్యే ముందు, ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి ఉన్న ఆ రెండు క్షణాల్లో వాడు చెప్పేస్తాడట. నేను రిమోట్ పట్టుకున్నాను. వాడు టీవీకి జానెడు దూరంలో కూర్చున్నాడు.

ఊగుతున్నాడు. "ఎడ్డీ!" నిలబడే వరస. గెలిచాం.

చేతులు చాచి, వంగి. "కింగ్!" కింది తన్ను, కింది తన్ను, నడుం దెబ్బ, పట్టు. గెలిచాం.

మునివేళ్ల మీద గంతులు. "లా!" బిర్రుగా, మరలాగా. "జాక్!" వాడి గొంతు వినపడటం, నా వేళ్లు మారిపోవడం ఒకేసారి. 13 దాటింది. 16. 17లో వాడు ఒక్క క్షణం ఆగాడు. "నీనా... కాదు ఆనా... ఎవరైతేంది మామా, ఒకటే!" నిజమే, అక్కాచెల్లెళ్లు, మొదటి నాలుగు దెబ్బలకు తేడా చూడక్కర్లేదు. 19కి లైఫ్ పావు వంతు. ఇరవయ్యో పోటీకి వాడు "పాల్!" అన్నాడు. ఎదురుగా యోషిమిట్సు. పక్కకు ఒక అడుగు. కత్తి పక్కనుంచి పోయింది. కిందికి, ఏటవాలుగా, ముందుకు, కుడి చెయ్యి.

అమ్మ వంటింట్లోంచి ఏమైందోనని పరిగెత్తుకొచ్చింది.

ఆపలేదు, 22 దాకా పోయి హైహాచి చేతిలో పోయాను. నోట్‌బుక్‌లో చివరి వరస: మొకుజిన్, 17వ ప్రయత్నం, 22, పక్కకు జరగలేదు.

మధ్యాహ్నం కొత్త మెమరీ కార్డులోకి పాతదంతా కాపీ చేశాను. పాత కార్డును డబ్బాలో పెట్టి బీరువాలో, చిన్నాయన ఫొటో పక్కన ఉంచాను. అక్క వచ్చేసరికి అల్లుడు నోట్‌బుక్‌లో కొత్త పేజీ తీసి 21 పేర్లు రాసి ఉన్నాడు. అందరికంటే పైన డాక్టర్. మొదటి ప్రయత్నం, 2 గెలుపులు, 'దగ్గర పడ్డ'. టీ అయ్యేలోపు రెండో ప్రయత్నం అవుతుందా అని అడిగి రిమోట్ అందుకున్నాడు.